డ్రమ్ము నడుమ ఏడు బుడ్డలు

మేము పనిచేసిన ఆసుపత్రిలోని పాతవాళ్ళంతా కలిసి ఈ మధ్య ఒక జ్ఞాపకాల పుస్తకం వేశారు. అందులో డాక్టర్ల ఫోటోలున్నాయి, నర్సుల ఫోటోలున్నాయి, వంటశాలలో పాలు తాగిపోయే పిల్లి గురించి అర పేజీ ఉంది. ఆవిరి గది గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం ఉంది: ‘ఆ రోజుల్లో పరికరాలను ఆవిరితో శుద్ధి చేసేవారు.’ చేసేవారట. ఎవరు చేసేవారు? కత్తెరలు, పటకార్లు వాటంతట అవే డ్రమ్ములోకి నడిచి వెళ్ళి, అరగంట ఆవిరి పట్టించుకుని, ఒళ్ళు తుడుచుకుని బయటికి వచ్చేవా? ఈ ముక్క అడుగుతూ పుస్తకం వేసినవాళ్ళకు మూడు ఉత్తరాలు రాశాను. మూడోదానికి నా చిరునామా రాసిన కార్డు కూడా జతచేశాను, వాళ్ళకు శ్రమ లేకుండా. ఆ కార్డు కూడా తిరిగి రాలేదు. పిల్లికి అర పేజీ దొరికింది కాబట్టి నాకు నాలుగు పేజీలు దొరకాలని నా లెక్క. ఎవరూ ఇవ్వకపోతే నేనే రాసుకుంటాను.

ఆ రోజుల్లో వాడి పారేయడమనే మాట ఆసుపత్రిలో లేదు. గాజు సిరంజి పగిలేదాకా సిరంజే. సూది మొద్దుబారితే సానరాయి మీద నూరేవాళ్ళం, కన్నం పూడిపోతే సన్న తీగతో పొడిచేవాళ్ళం. ఆపరేషన్ చేసే డాక్టరు తొడుక్కునే రబ్బరు గ్లౌజుకు చిల్లు పడితే సైకిల్ ట్యూబుకు వేసినట్టు అతుకు వేసి, పౌడరు చల్లి, మళ్ళీ ఉడకబెట్టేవాళ్ళం. ప్రతి వస్తువూ ఒక రోగి దగ్గర్నుంచి ఇంకో రోగి దగ్గరికి పోయేముందు నా చేతుల మీదుగా పోవలసిందే. నా పని ఇది: కడిగిన పరికరాలనూ, గుడ్డలనూ మూటలు కట్టి గుండ్రటి డ్రమ్ముల్లో పేర్చడం, ఆ డ్రమ్ముల పక్కనున్న చిల్లులు తెరిచి పెద్ద ఆవిరి కాగులో పెట్టడం, మూత మరలు బిగించడం, కింద పంపు స్టవ్వు వెలిగించడం, ఆవిరి ఒత్తిడి చూపే గడియారం లాంటి బిళ్ళమీద ముల్లు పదిహేను దగ్గరికి వచ్చాక అరగంట దాన్ని అక్కడే నిలబెట్టడం. బయట కర్నూలు ఎండ, లోపల ఇంకో కర్నూలు. అందుకే ఆ గదికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. డ్రమ్ములు ఇచ్చేవాళ్ళు గడప అవతల పెట్టి పోయేవాళ్ళు, తీసుకునేవాళ్ళు గడప అవతల నుంచే పిలిచేవాళ్ళు. రోజంతా నా మాట విని తల ఊపేది ఆ ముల్లు ఒక్కటే.

నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. మాది పులివెందుల వైపు పల్లె. కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులవి. ఆఫీసులు గుడారాల్లో ఉండేవి, గుమాస్తాలు గొడ్ల కొట్టాలను కూడా అద్దెకు తీసుకునేవాళ్ళు. నేను ఇల్లు అడగబోతే ‘ఏ డిపార్ట్‌మెంటు?’ అనేవాళ్ళు. ‘ఆవిరి డిపార్ట్‌మెంటు’ అంటే తలుపు వేసేవాళ్ళు. (అలా వేసిన తలుపులు పదకొండు. వీధులతో సహా చెప్పగలను.) చివరికి ఆవిరి గది వెనక వసారాలోనే ఒక చాప, ఒక ట్రంకు పెట్టె పెట్టుకుని కాపురం పెట్టాను. నాతోపాటు కాపురం చేసింది ఒక బస్తా వేరుశనగ. మా అక్క తన చేలో పండినవి బస్సు మీద వేసి పంపేది. తమ్ముడు పట్నంలో తిండి సరిగ్గా తినడంలేదని ఆమె అనుమానం. కర్నూలులో వాటిని బుడ్డలంటారు కాబట్టి నేనూ అట్లాగే అనడం నేర్చుకున్నాను. ఊళ్ళో కలిసిపోవడానికి నేను చేసిన ప్రయత్నం అదొక్కటే. అది కూడా ఎవరూ గమనించలేదు.

ఇక అసలు గొడవ. ఆ ఏడాది ఎండలు ముదిరాక కొళాయిలో నీళ్ళు సన్నగిల్లాయి. బావి నీళ్ళు ఉప్పువి, కాగు అడుగున సున్నంలా గట్టిపడేవి. కిరసనాయిలు కూడా సరిగ్గా వచ్చేది కాదు. మా హెడ్ గుమాస్తా (ముక్కుపొడుం పీల్చకుండా సంతకం చేయలేని మనిషి, అందుకే అందరూ ఆయన్ను నశ్యం సారు అనేవాళ్ళు) ఒక ఉపాయం కనిపెట్టాడు. రోజుకు ఆరుసార్లు వెలిగించే స్టవ్వును మూడుసార్లే వెలిగించాలి, ఒక్కో డ్రమ్ములో రెండు డ్రమ్ముల సరుకు కూరాలి. నేను మోకాలితో నొక్కి మూత వేసేవాణ్ణి. ముల్లు పదిహేను చూపించేది, అరగంట గడిచేది, అందరూ సంతోషంగా ఉండేవాళ్ళు. నాకు మాత్రం మనసు ఒప్పలేదు. ఇట్లా కూరితే లోపలికి ఆవిరి పోతుందా అని నశ్యం సారుకు ఒక అర్జీ రాశాను. ఆపరేషన్ థియేటరు చూసుకునే సిస్టరమ్మకు ఒక అర్జీ, పెద్ద డాక్టరుకు ఒక అర్జీ ఇచ్చాను. నశ్యం సారు నా అర్జీ వెనక తెల్లగా ఉందని దానిమీద సామాన్ల జాబితా రాసుకున్నాడు. పెద్ద డాక్టరు ‘చూస్తాం’ అన్నాడు. సిస్టరమ్మ కడప నుంచి వచ్చిన క్రైస్తవుల ఇంటి ఆడబిడ్డ, ఇస్త్రీ మడత నలగనివ్వని మనిషి. ఆమె చదివి, మడిచి, జేబులో పెట్టుకుని థియేటరులోకి వెళ్ళిపోయింది. ఈ మూడింటిలో ఏది పెద్ద అవమానమో నేను చాలా ఏళ్ళు తూకం వేసుకున్నాను.

ఆ దినాల్లోనే కోసిగి నుంచి ఒకాయన తన పెండ్లాన్ని కడుపులో గడ్డ ఉందని తీసుకొచ్చి చేర్పించాడు. కూలి పనికి ఊళ్ళు పట్టుకుని తిరిగే జంట. ఆడవాళ్ళ వార్డులోకి మగవాళ్ళను పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపే రానిచ్చేవాళ్ళు. మిగతా పొద్దంతా ఆయన మా ఆవిరి గది గోడ నీడలో కూర్చునేవాడు. నాతో తనంతట తాను మాట కలిపిన మొదటి మనిషి ఆయనే.

“ఏమప్పా, పొద్దస్తమానం లోపల ఏం వండుతాండావు?” అన్నాడు ఒకరోజు.

“కత్తులు,” అన్నాను.

“ఉడికినాయో లేదో ఎట్ల తెలుస్తాది?”

ముల్లును చూపించాను. ఆయన కిటికీలోంచి తల పెట్టి దాన్ని శానాసేపు చూశాడు. “అది కుండ సంగతి చెప్తాది గదప్పా. కుండ నడుమ సంగతి ఎవురు చెప్పల్ల?”

ఆ రాత్రి నిద్ర పట్టలేదు అని రాయాలని ఉంది గానీ, పట్టింది. తెల్లవారి లేచేసరికి మాత్రం మా అక్క గుర్తొచ్చింది. మా ఇంట్లో కోతలప్పుడు పెద్ద కాగు నిండా పచ్చికాయలు ఉడికించేవాళ్ళు. పైన వేలు పెట్టి మెత్తగా ఉన్నాయని దించబోతే అక్క చేయిమీద కొట్టేది. “అబ్బీ, పైవి కాదు. నడిమివి కొరికి చూడల్ల,” అనేది. గట్టిగా కూరిన కాగులో అంచువి ఉడికి చిదికిపోయినా నడిమివి పచ్చిగానే ఉంటాయని, కాయకూ కాయకూ నడుమ ఆవిరికి దారి వదలాలని ఆమె శాస్త్రం. ఆసుపత్రిలో అంతమంది చదువుకున్నవాళ్ళకు తెలియనిది మా అక్కకు తెలుసునని నాకు ఆ ఉదయం తట్టింది. (అక్కకు బడి తెలియదు. ఇది కూడా పుస్తకంలో రావలసిన విషయమే.)

అప్పటినుంచి వారానికి రెండుసార్లు ఒక పరీక్ష డ్రమ్ము పెట్టేవాణ్ణి. నశ్యం సారు చెప్పినట్టే దాన్ని కిక్కిరిసేలా నింపి, సరిగ్గా నట్టనడుమ ఏడు వలిచిన బుడ్డలు గాయాలకు కట్టే గాజుగుడ్డ ముక్కలో మూటకట్టి పెట్టేవాణ్ణి. అరగంట అయ్యాక డ్రమ్ము తెరిచి కొరికి చూసేవాణ్ణి. మెత్తగా ఉంటే ఆవిరి నడుమదాకా పోయినట్టు. టక్కుమంటే పోనట్టు. తెరిచాక ఆ డ్రమ్ము పనికిరాదు కాబట్టి సరుకంతా విప్పి, వదులుగా రెండుగా సర్ది, మళ్ళీ ఉడికించేవాణ్ణి. వదులుగా సర్దినవి ప్రతిసారీ మెత్తగా ఉడికేవి. కూరినవి ఒకసారి టక్కు, ఒకసారి సగం టక్కు. అన్నీ నోటు పుస్తకంలో తేదీలతో రాసుకున్నాను.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. పరీక్షకు ఒక గింజ చాలు. మిగతా ఆరు ఏం చేయాలి? అక్క చేలో పండినవి పారేయడానికి నాకు చేతులు రాలేదు. ఉప్పు అద్దుకుని తినేవాణ్ణి. తినేటప్పుడు గడప దగ్గరికి వచ్చిన ఆయా ఒకామె చూసింది. సాయంత్రానికి ఆసుపత్రి అంతా నాకు ఆవిరప్ప అని పేరు పడింది. సర్కారు ఆవిరితో బుడ్డలు ఉడికించుకుని తింటాండాడని చెప్పుకున్నారు. అన్ని నెలలుగా నేనొకణ్ణి ఉన్నానని తెలియనివాళ్ళు కూడా కిటికీ దగ్గరికి వచ్చి “ఆవిరప్పా, మాకేమన్నా మిగిల్చినావా?” అని అడిగి పోయేవాళ్ళు. నాకు కోపం వచ్చేది. కానీ నిజం చెప్తున్నాను, వాళ్ళు రాని రోజు ఇంకా ఎక్కువ కోపం వచ్చేది.

కోసిగి ఆమెకు ఆపరేషన్ శుక్రవారం పొద్దున అని ఖాయమైంది. ఆ తెల్లవారుజామునే నేను మొదట పరీక్ష డ్రమ్ము ఒకటి దించి, దాన్ని బల్ల మీద చల్లారనిచ్చాను. థియేటరుకు పంపవలసిన డ్రమ్మును వదులుగా సర్ది కాగులోకి ఎక్కించాను. అది దిగడానికి ఇంకా ముప్పావు గంట ఉంది. ఆ ముప్పావు గంటలో నేను చేయవలసిన పని కదలకుండా కూర్చోవడం. నేను చేసిన పని స్టవ్వు మంట తగ్గించి నశ్యం సారు దగ్గరికి వెళ్ళి, నా అర్జీ వెనక సామాన్ల జాబితా ఎందుకు రాశారో చెప్పమని నిలదీయడం. ఆయన ముక్కుపొడుం పీల్చాడు. నేను మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. ఆయన తుమ్మాడు. నేను తుమ్ము అయ్యేదాకా ఆగి మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. ఆలోపల థియేటరు మనిషి వచ్చి, బల్ల మీద సిద్ధంగా కనిపించిన డ్రమ్మును ఎత్తుకుపోయాడు. నా గది ఖాళీగా ఉండడం అతను చూసింది అదే మొదటిసారి. నేను ఉన్నప్పుడు మాత్రం ఏనాడూ లోపలికి అడుగుపెట్టలేదు.

తర్వాత జరిగింది నేను చూడలేదు, అందరూ చెప్పగా విన్నాను. కోసిగి ఆమెను బల్ల మీద పడుకోబెట్టారు. మత్తు ఇంకా ఇవ్వలేదు. సిస్టరమ్మ డ్రమ్ము తెరిచి పటకారుతో గుడ్డలు ఒక్కొక్కటే అందిస్తోంది. నడిమికి వచ్చేసరికి చిన్న మూట ఒకటి వచ్చింది. పెద్ద డాక్టరు విప్పమన్నాడు. ఏడు బుడ్డలు. ఆయన వాటిని చూసి, చేతులకు తొడుక్కున్న గ్లౌజులు విప్పేసి, ఈ రోజుకు ఆపరేషన్ లేదు అన్నాడట. బల్ల మీది ఆమె తల ఎత్తి చూసి “నాకు చీటీ మీద ఏమీ తినగూడదని రాసిరే, ఇవి ఎవురికి?” అని అడిగిందట. నవ్వింది ఆమె ఒక్కతే.

వెంటనే పెద్ద డాక్టరు గదిలో విచారణ. బల్ల మీద వంకర పళ్ళెంలో ఆ ఏడు గింజలు, అవతల పెద్ద డాక్టరు, ఇటు సిస్టరమ్మ, అటు నశ్యం సారు. ఇవేమిటని అడిగితే పరీక్ష అన్నాను. ఎవరికి పరీక్ష అంటే డ్రమ్ముకు అన్నాను. అక్క సంగతి మొదలుపెట్టాను. నశ్యం సారు కిరసనాయిలు సంగతి మొదలుపెట్టాడు. ఇద్దరం ఒకేసారి మాట్లాడుతుంటే పెద్ద డాక్టరు కళ్ళు మూసుకున్నాడు. ఆ గదిలో ఎవరికీ పట్టనిది ఒక్కటే ప్రశ్న: ఆ గింజలు ఉడికినవా, పచ్చివా? పచ్చివైతే ఆ గుడ్డలు కూడా పచ్చివే. వాటితో ఆ ఆడమనిషి కడుపు కోసి ఉంటే ఏమయ్యేదో నాకన్నా ఆ ముగ్గురికే బాగా తెలుసు. “సార్, ఒకటి కొరికి చూడండి,” అన్నాను. అది పొగరు కింద లెక్కకు వచ్చింది. ఇంకేం చేయాలో తోచక చేయి చాపి నేనే ఒకటి తీసుకుని కొరికాను.

టక్కుమంది. గదంతా వినబడింది.

“సూడండి సార్, విచారణలో గూడ తింటాండాడు,” అన్నాడు నశ్యం సారు.

నా నోటు పుస్తకం తీసి చూపించేలోపే నన్ను బయటికి పంపించారు. మధ్యాహ్నానికి ఆవిరి గది ఇంకొకరికి అప్పగించి, గేటు కాపలాకు పోవాలని కాగితం వచ్చింది. గేటు దగ్గర కోసిగాయన నాకోసమే నిలబడి ఉన్నాడు. ఆయనకు అంతా తెలిసిపోయింది. “నీతో మాట్లాడినందుకు నా పెండ్లాన్ని ఈ గతికి తెస్తివి గదప్పా,” అన్నాడు. కుండ నడుమ సంగతి అడిగింది నువ్వే కదా అందామనుకున్నాను. ఆయన అప్పటికే గోడకు ఆ పక్క నీడలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు విన్న మాటల్లో నన్ను ముల్లులా గుచ్చుకున్నది అదే. ఎందుకంటే మిగతావాళ్ళెవరూ అంతకుముందు ఎగతాళికి తప్ప నాతో మాట్లాడలేదు.

ఆ సాయంత్రం సిస్టరమ్మ చర్చికి పోతూ గేటు దగ్గర ఆగింది. అవి వాళ్ళకు ఈస్టరు పండగకు ముందు ఉపవాసాలుండే శ్రమకాలం రోజులు. శుక్రవారాలు ఆమె చీకటి పడేదాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టదని ఆసుపత్రి అంతటికీ తెలుసు. నన్ను చూసి, చెంపలో నాలుకతో ఒక క్షణం ఏదో వెదుక్కుంది.

“ఏమప్పా, అన్నం తింటివా?” అంది చివరికి.

కర్నూలుకు వచ్చాక ఆ ప్రశ్న నన్నడిగిన మొదటి మనిషి ఆమె. దానికి నేను చెప్పిన జవాబు ఇది: “నా అర్జీకి జవాబు రాలేదు సిస్టరమ్మా.”

ఆమె తల ఊపి, కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

మరుసటి రోజు పొద్దున నా గాజుగుడ్డ ముక్క తిరిగి తీసుకుందామని పెద్ద డాక్టరు గదికి పోయాను. (అది నా సొంతానిది కాదు, సర్కారుది. దాన్ని కూడా నామీద రాస్తారని భయం.) వంకర పళ్ళెం అట్లాగే ఉంది. ఏడులో నేను ఒకటి కొరికాను, ఆరు ఉండాలి. అయిదున్నర ఉన్నాయి. ఆ అరగింజ అంచున పళ్ళ గుర్తు స్పష్టంగా ఉంది, లోపల తెల్లగా, పచ్చిగా ఉంది. ఎవరో కొరికి చూశారు. ఎలుక పని కాదు. ఎలుక మిగతా సగాన్ని మర్యాదగా పళ్ళెంలో పెట్టి పోదు.

సోమవారం ఒక ఉత్తర్వు వచ్చింది. డ్రమ్ములు ముప్పాతికకు మించి నింపరాదు, మూటల మధ్య ఆవిరికి దారి వదలవలెను, స్టవ్వు ఎప్పటిలాగే ఆరుసార్లు వెలిగించవలెను. నా అర్జీలోని మాటలే, వరుస కూడా మార్చలేదు. కింద పెద్ద డాక్టరు సంతకం ఉంది. నా పేరు ఎక్కడా లేదు. నన్ను గేటు నుంచి వెనక్కి పిలవనూ లేదు. మంగళవారం కోసిగి ఆమెకు ఆపరేషన్ అయింది. కొన్ని వారాలకు గాయం శుభ్రంగా మాని, మొగుడి భుజం పట్టుకుని గేటు దాటింది. కోసిగాయన నా వైపు చూడలేదు. ఆమె ఆగి, “బుడ్డలాయప్ప నువ్వేనా?” అని అడిగి నవ్వబోయి, పొట్ట పట్టుకుని, “నవ్వితే కుట్లు లాగుతాండాయప్పా, శానా గాచారం తెచ్చిపెడితివి,” అంటూ పోయింది.  దారినపోయే ఏ మనిషికైనా గేటు తెరిచి పట్టుకున్నట్టే ఆమెకూ పట్టుకున్నాను.

ఆ అరగింజను నేను ఒక పాత సిరంజి పెట్టెలో పెట్టి దాచుకున్నాను. కొన్ని నెలలకు దానికి పురుగు పట్టి పొడి అయిపోయింది. ఉడికినదైతే బూజు పట్టేది, పచ్చిది కాబట్టే పురుగు పట్టింది. అదీ నా సాక్ష్యమే. ఎవరు కొరికారన్నది మాత్రం ఇన్నేళ్ళూ తేలలేదు. పెద్ద డాక్టరువి కట్టుడు పళ్ళు, జామకాయ కూడా కోసి ఇవ్వాలి. నశ్యం సారుకు బుడ్డలు తింటే పిత్తమని ఒట్టు. సిస్టరమ్మకు శుక్రవారం ఉపవాసం. ముగ్గురికీ ముగ్గురూ కొరకడానికి వీల్లేనివాళ్ళే. గేటు దగ్గర కూర్చుని ఈ లెక్క వేలసార్లు వేసి, ఆవిరి గదిలో ముల్లుకు చెప్పుకున్నట్టు గేటు కమ్మీకి చెప్పుకునేవాణ్ణి. చెంపలో నాలుక పెట్టి వెదుక్కున్న ఆ ఒక్క క్షణం ఈ మధ్యనే గుర్తొచ్చింది. నిజంగా చూశానో, ముసలితనంలో నేనే కల్పించుకుంటున్నానో తెలియదు. ఒకవేళ నిజమే అయితే, నా మాట నమ్మి తన ఉపవాసాన్ని కూడా పక్కన పెట్టిన మనిషి నా ముందు నిలబడి అన్నం తిన్నావా అని అడిగితే, అదే జవాబని తెలియని ఇరవై రెండేళ్ళ మొద్దు ఒకడు ఆమెను అర్జీ గురించి అడిగాడు. వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడికి ఆ రోజు ఆకలిగానే ఉండింది.

అయినా ఊహ ఊహే, జవాబు జవాబే. సిస్టరమ్మా, మీరు ఎక్కడైనా ఉంటే, లేక మీ వాళ్ళెవరైనా ఈ ముక్క చదివితే, పిల్లికి అర పేజీ ఇచ్చిన ఆ పుస్తకంవాళ్ళే అయినా సరే, నాకు ఒక్క కార్డు రాయండి. పెద్దగా ఏమీ వద్దు. ఆ ఆరో గింజ కొరికింది ఎవరు? నేను అన్నం తినలేదు, ఇప్పుడు చెప్తున్నాను. ఇక మీరు చెప్పండి.